పిల్లి ఆయుష్షు, మన వీసా

దుబాయి కరామాలో గాని, షార్జా రోలాలో గాని దీపాలు వెలిగే వేళ భవనాల వెనుక సందుల్లోకి ఒకసారి వెళ్ళి చూడండి. ఏ.సి. నీళ్ళు కారి తడిసిన గచ్చు మీద, ఆగి ఉన్న కార్ల కింద, చెత్త డబ్బాల పక్కన పిల్లులు కొలువుతీరి ఉంటాయి. కొన్నింటికి ఒక చెవి కొస కత్తిరించినట్లు కనబడుతుంది. దెబ్బ తగిలిందేమోనని జాలిపడనక్కరలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి తిరిగి అదే చోట వదిలిపెట్టినట్లు వైద్యులు పెట్టిన గుర్తు అది. ఇవన్నీ వీధిలో పుట్టి, వీధి కష్టసుఖాలు తెలిసిన పిల్లులు.

అప్పుడప్పుడు వీటి మధ్య వేరొక రకం పిల్లి కనబడుతుంది. పొడుగాటి బొచ్చు, చప్పిడి ముక్కు, పర్షియన్ జాతి. జూలై ఎండకు నోరు తెరచి రొప్పుతూ ఉంటుంది. మనిషి అడుగుల చప్పుడు వినగానే పారిపోకుండా దగ్గరకు వస్తుంది. ఇది వీధిలో పుట్టినది కాదు, ఎవరి ఇంట్లోనో సోఫా మీద పెరిగినది. ఆ సోఫా అమ్ముడుపోయి ఉంటుంది, ఆ కుటుంబం విమానమెక్కి ఉంటుంది.

ఈ దేశంలో జంతువుల సంక్షేమం కొరకు 2007లోనే సమాఖ్య చట్టం వచ్చింది. అయినా 2008-09లో ఆర్థిక మాంద్యం తగిలి ఉద్యోగాలు పోయినప్పుడు, మళ్ళీ 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, యజమానులు వదిలి వెళ్ళిన కుక్కలను, పిల్లులను గూర్చి ఇక్కడి పత్రికలు వ్రాశాయి. 2023లో అబుదాభి వెలుపల అల్ ఫలా దగ్గరి ఎడారిలో డజన్ల కొద్దీ పిల్లులను ఎవరో తెచ్చి వదిలేశారు. చనిపోయినవి పోగా మిగిలినవాటిని స్వచ్ఛంద సేవకులు వెదికి పట్టి తెచ్చారు.

ఈ సంగతులన్నీ ఇప్పుడెందుకంటారా? మన తెలుగు ఇళ్ళలో కూడా పిల్లలు "నాన్నా, మనమూ ఒక పిల్లిని పెంచుకుందాం" అని అడుగుతున్నారు. దుకాణంలో కొనవద్దు, దిక్కులేనిదానినే తెచ్చుకుందాం అనే పిల్లలు కూడా ఉన్నారు. అది మంచి మనసుకు గుర్తే. కాని ఆ మాటకు జవాబు చెప్పే ముందు పెద్దలు కొంత లెక్క చూసుకోవాలి.

మన ఊళ్ళలో కుక్కను పెంచడమంటే వేరు. అరుగు కింద పడుకునేది, నాలుగిళ్ళవాళ్ళు తలా ఒక ముద్ద వేసేవారు. మనం తిరుపతి వెళ్ళివచ్చినా, పెళ్ళికి వెళ్ళి పది రోజులు ఉండిపోయినా దాని పూట గడిచిపోయేది. అది వీధి సొత్తు. ఇక్కడ మనకు అరుగు లేదు, పెరడు లేదు, ఆ వీధీ లేదు. పదునాలుగవ అంతస్తులో తలుపు వేసుకుంటే దానికి ఉన్న లోకమంతా మనమే. అక్కడ నలుగురు మోసిన భారం ఇక్కడ ఒక్క ఇల్లు మోయాలి.

ముందుగా ఆ ఇంటి సంగతే చూద్దాం. అద్దె ఒప్పందంలో పెంపుడు జంతువులను గూర్చి ఏమి వ్రాసి ఉందో చదవండి. వాచ్‌మన్ "ఫర్వాలేదు సార్" అన్నది చాలదు, యజమాని అంగీకారం కాగితం మీద ఉండాలి. తరువాత రేబీస్ టీకా, మెడ దగ్గర చర్మం కింద అమర్చే మైక్రోచిప్పు, నమోదు. దుబాయిలో మునిసిపాలిటీ నమోదును ఏటా టీకాతో పాటు కొత్త చేయించుకోవాలి. 2016 నాటి సమాఖ్య చట్టం నం. 22 ప్రకారం కుక్కకు లైసెన్సు ఉండాలి, బయటకు తీసుకువెళితే గొలుసు ఉండాలి. తప్పితే జరిమానా వేల దిర్హములలో ఉంటుంది.

ఇరుగుపొరుగు మాట కూడా ఉంది. అరబ్బులకు పిల్లి అంటే మక్కువ. ప్రవక్త సహచరులలో ఒకరికి అబూ హురైరా, అంటే పిల్లికూన తండ్రి, అనే పేరు నిలిచిపోయింది. వేట కుక్క సలూకీని తరతరాలుగా గౌరవంగా పెంచుకున్నారు. డేగలకైతే ఈ దేశంలో పాస్‌పోర్టులే ఉన్నాయి! అయినా నమాజుకు వెళ్ళే మనిషి కుక్క చొంగ బట్టలకు అంటకుండా జాగ్రత్తపడతాడు. కుక్కతో లిఫ్టు ఎక్కే ముందు లోపలివారిని ఒక మాట అడగడం, లేదా తరువాతి లిఫ్టు కోసం ఆగడం మనకు శోభనిస్తుంది.

ఇక ఎండ. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట కూలి పనులు ఆపివేయాలని ఇక్కడ ప్రభుత్వ నియమం. మనుషులే నిలబడలేని ఆ తారు మీద చెప్పులు లేని కుక్క పాదాలు బొబ్బలెక్కుతాయి. కనుక కుక్కను తెచ్చుకున్న ఇంట్లో ఎవరో ఒకరు ఆ మూడు నెలలు తెల్లవారకముందే లేవాలి, రాత్రి మళ్ళీ తిప్పాలి. ఆ మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. "పిల్లలు చూసుకుంటారు" అన్న మాటను బడి పరీక్షల నాడు గుర్తు తెచ్చుకుని చూడండి. పిల్లిని నడిపించే పని లేదు గాని బాల్కనీకి వల కట్టించాలి. పిల్లులు పిట్ట వెనుక దూకి పై అంతస్తుల నుండి పడిపోవడం ఇక్కడి పశువైద్యులకు తెలిసిన విషయమే.

వంటింటి సంగతి మన గృహిణులకు చెప్పాలి. పిల్లి మాంసాహారి. ప్రాణానికి అవసరమైన కొన్ని పదార్థాలు దానికి మాంసంలోనే దొరుకుతాయి. పెరుగన్నంతో కుక్కకు పొట్ట నింపవచ్చు గాని, పిల్లికి అది ఆహారం కాదు. చాలా పిల్లులకు పెద్దయ్యాక పాలు కూడా పడవు. శాకాహార కుటుంబాలు ఈ విషయం ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోవాలి. ఇంట్లోకి డబ్బా మాంసం రావడం ఇష్టం లేకపోతే పిల్లిని తేకపోవడమే న్యాయం. ఇక మనం మిగిలిన సాంబారన్నం వేద్దామనుకుంటే, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు, పిల్లికి రెండింటికీ విషం. కుక్కకు ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు కూడా పనికిరావు. ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి మట్టి తట్టను మరొకరు రోజూ శుభ్రం చేయాలి.

తరువాత వేసవి సెలవులు. బడులు మూసిన మర్నాడే మనమంతా హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖకో బయలుదేరతాం. జూలై, ఆగస్టు రెండు నెలలు దాని గతి ఏమిటి? డబ్బు తీసుకుని ఉంచుకునే చోట్లు ఉన్నాయి గాని, సెలవుల్లో త్వరగా నిండిపోతాయి, రోజు లెక్కన ఖర్చు పెరుగుతుంది. ఏ స్నేహితుణ్ణి అడుగుదామన్నా ఆయనా అదే విమానంలో ఉంటాడు! అత్తగారో, మామగారో ఆరు నెలలు ఉండటానికి వస్తే వారికి కుక్కంటే పడుతుందా, దగ్గు ఆయాసం ఉన్నాయా అన్నదీ చూసుకోవాలి.

ఇవన్నీ దాటినా అసలు లెక్క మిగిలే ఉంటుంది. ఇంట్లో పెరిగే పిల్లి 12 నుండి 15 ఏళ్ళు బ్రతుకుతుంది, కొన్ని ఇంకా ఎక్కువ. సాధారణంగా మన ఉద్యోగ వీసా 2 ఏళ్ళది. అంటే ఒక పిల్లి ఆయుష్షు మనకు ఆరు నుండి ఎనిమిది వీసాల కాలం. 2019లో వచ్చిన గోల్డెన్ వీసా 10 ఏళ్ళది, అదీ చాలదు. ఈ గడ్డ మీద మన నివాసమే తారీఖు వేసి ఇచ్చినది. కనుక దానిని తెచ్చే రోజు కన్నా మనం వెళ్ళే రోజును గూర్చి ముందు ఆలోచించాలి.

వెంట తీసుకువెళ్ళడం సాధ్యమే, కాని నెలల ముందు మొదలు పెట్టాలి. 2013లో భారత కస్టమ్స్ శాఖ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కనీసం రెండేళ్ళు విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవారు సామానుతో పాటు రెండు పెంపుడు జంతువులను తెచ్చుకోవచ్చు. మన క్వారంటైన్ శాఖ అనుమతి పత్రం ముందుగా తీసుకోవాలి. ఆ శాఖ కార్యాలయం ఉన్న నగరాలలో హైదరాబాదు ఒకటి. రేబీస్ టీకా ప్రయాణానికి కనీసం నెల రోజుల ముందు వేయించి ఉండాలి. ఇక్కడి మంత్రిత్వ శాఖ నుండి ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. నియమాలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు మళ్ళీ కనుక్కోవాలి. చప్పిడి ముక్కు జాతులను వేసవిలో ఎక్కించుకోవడానికి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. ఉద్యోగం హఠాత్తుగా పోయిన ఇంట్లో ఈ పనులకు తీరిక గాని, డబ్బు గాని ఉండకపోవచ్చు. అందుకని ఆ ఖర్చు మొదటి రోజు నుండే వేరుగా దాచి పెట్టండి. మన భారతంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. మనం ఎక్కేది హైదరాబాదు విమానమే గదా!

ఈ లెక్కకు సరిపోయినవారు ఆశ్రయ కేంద్రాలకు వెళ్ళి చూడవలసిందే. కె-9 ఫ్రెండ్స్ వారు 1989 నుండి దుబాయిలో దిక్కులేని కుక్కలకు ఇళ్ళు వెదుకుతున్నారు. పిల్లుల కొరకు ఫెలైన్ ఫ్రెండ్స్ వారు ఉన్నారు. ఒక శనివారమో ఆదివారమో కారు తీసి షార్జా, అజ్మాన్ దాటి ఉత్తరంగా వెళితే ఉమ్ అల్ ఖువైన్‌లో స్ట్రే డాగ్స్ సెంటర్ వస్తుంది. అక్కడ కనబడే కుక్కలు చాలావరకు సన్నటి నడుము, పొడుగు కాళ్ళు ఉన్న ఎడారి కుక్కలు. పిల్లలను తీసుకువెళ్ళండి గాని, మొదటిసారి ఖాళీ చేతులతోనే తిరిగి రావాలని ముందే చెప్పి తీసుకువెళ్ళండి. కేంద్రంవారు ఇల్లు, పని వేళలు, రేపటి ప్రయాణం అన్నీ అడిగితే నొచ్చుకోవద్దు. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న జంతువు మళ్ళీ పోగొట్టుకోకూడదని వారి ఆరాటం.

లెక్క సరిపోకపోతే సిగ్గుపడనక్కరలేదు. శాశ్వతంగా ఇల్లు దొరికే దాకా కొన్ని వారాలు మన ఇంట్లో ఉంచుకుని పంపే పద్ధతి ఉంది. అదీ గొప్ప సహాయమే, యజమాని అంగీకారం దానికీ కావాలి. సెలవు రోజున వెళ్ళి కుక్కలను నడిపించి రావచ్చు. ఊరికి వెళ్ళే మిత్రుని పిల్లిని పది రోజులు చూసిపెట్టవచ్చు. ఇవి చేస్తే పిల్లలకూ ఆ పని బరువెంతో తెలుస్తుంది, పెద్దలకూ తమ ఓపిక ఎంతో తెలుస్తుంది.

పిల్లలు మళ్ళీ అడిగినప్పుడు తొందరపడి ఔనని గాని, విసుక్కుని కాదని గాని అనకండి. కాగితం, కలం తీసుకుని వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. అద్దె ఒప్పందం, వీసా తారీఖు, సెలవుల టిక్కెట్లు బల్ల మీద పెట్టండి. పదిహేనేళ్ళ తరువాత తాము ఎక్కడ ఉంటామో వారినే వ్రాయమనండి. ఆ కాగితం మీద పిల్లి పేరు కూడా చివరి దాకా ఉంటే, వెళ్ళి తెచ్చుకోండి.