గ్రేటర్ నోయిడాలో చాక్లెట్ కేకు

ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగమన్న తరువాత బదిలీలు సహజం. మూటాముల్లె సర్దుకొని కొత్త ఊరు చేరిన ఇల్లాలికి మొదటి చింత పాలెక్కడ, కూరగాయలెక్కడ, కరివేపాకు ఎవరి పెరట్లో అని. ఇరుగు పొరుగుతో మాట కలిసేదాకా ఏ ఊరైనా పరాయి ఊరే. మా వారికి ఢిల్లీ ప్రాంతానికి బదిలీ అయినపుడు మేము గ్రేటర్ నోయిడాలో కాపురం పెట్టాము. అక్కడ మాట కలిపిన సాధనం ఒక చాక్లెట్ కేకు. ఆ ఊరి ముచ్చట్లతోపాటు ఆ కేకు తయారీని కూడా పాఠకులతో పంచుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

ఢిల్లీకి ఆగ్నేయంగా, ఉత్తరప్రదేశ్‌లోని గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో ఉన్నదీ నగరం. దీని నిర్మాణానికి 1991లో ప్రత్యేక ప్రాధికార సంస్థ ఏర్పడింది. వెడల్పైన రోడ్లు, వాటి వెంబడి చెట్ల వరుసలు, గీత గీసినట్లు విభజించిన సెక్టార్లు. మన వైపు పేటలకు దేవుడి పేరో, చెరువు పేరో ఉంటుంది. ఇక్కడ ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఒమిక్రాన్ అని గ్రీకు అక్షరాలు! చిరునామా చెబుతుంటే లెక్కల మాస్టారి ఎదుట నిలబడినట్లుంటుంది. నగరానికి నడిబొడ్డు పరీ చౌక్. పరీ అంటే దేవకన్య. కూడలిలోని దేవకన్యల విగ్రహాలే ఆ పేరుకు మూలం. 2019 జనవరిలో ఆక్వా లైన్ మెట్రో ప్రారంభమై ఈ ఊరిని నోయిడాతో కలిపింది. శీతకాలంలో సూరజ్‌పూర్ చిత్తడి నేలకు వలస పక్షులు వస్తాయి. సమీపంలోని బిస్రఖ్ గ్రామం రావణుని జన్మస్థలమని స్థానికుల నమ్మకం. అందుచేత అక్కడ దసరాకు రావణ దహనం చేయని ఆచారం ఉంది.

ఇంత కొత్త నగరంలో పూర్వీకుల కాలం నుంచి ఉన్నవారు పాత గ్రామాలలోనే కనిపిస్తారు. బహుళ అంతస్తుల భవనాలలో ఉండేవారిలో చాలామంది ఎక్కడి నుంచో వచ్చినవారే. మా అంతస్తులో ఒక బెంగాలీ కుటుంబం, ఒక పంజాబీ కుటుంబం ఉండేవి. ఎదురింటి దాదీజీది మథుర. ఆమె గుడ్డు మాట అటుంచి, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. పిల్లల పుట్టినరోజులకు తప్పక వచ్చి, తల నిమిరి ఆశీర్వదించేవారు. కేకు పళ్ళెం దగ్గరకు రాగానే మాత్రం చేతులు జోడించి పక్కకు తప్పుకునేవారు. ఆ సంగతి గమనించిన మా అమ్మాయి, “ఈసారి నా కేకు దాదీ కూడా తినాలమ్మా” అన్నది. దుకాణాలలో గుడ్డు లేని కేకులు దొరకకపోలేదు. కానీ ఎదుటి వంటింట్లో, తనకు తెలిసిన చేతులతో తయారైతేనే దాదీజీ ముడతారు. ఆ విధంగా బాధ్యత నా మీద పడింది.

గుడ్డు పడని ఇంటివారి కోసం పాకాన్ని మార్చడం కొత్త విషయమేమీ కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్లు, ఈస్టు పడేవి కావు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడిని, 1843లో బేకింగ్ పౌడరును తయారు చేశాడు. ప్రపంచమంతటా వంటిళ్ళకు చేరిన ఆ పొడుల వెనుక ఉన్నది, ఇంట్లో ఒక మనిషి పస్తుండరాదన్న తలంపే.

ఇక తయారీ విధానం. 190 గ్రాముల మైదా, 40 గ్రాముల తీపి లేని కోకో పొడి, చెంచాడు వంట సోడా, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించాలి. వేరొక గిన్నెలో 150 గ్రాముల పెరుగు, 200 గ్రాముల పంచదార, 80 మిల్లీలీటర్ల వాసన లేని నూనె, 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు, చెంచాడు వెనిగర్ బాగా గిలకొట్టాలి. నీటిలో అర చెంచా కాఫీ పొడి కలిపితే కోకో రుచి ఇనుమడిస్తుంది. పెరుగులోని పులుపు సోడాతో కలిసినపుడు పుట్టే వాయువే కేకును పొంగిస్తుంది. ఆ వాయువు నిలిచేది కొద్దిసేపే. అందువలన పొడులను తడిలో కలిపిన వెంటనే, ఎక్కువగా తిప్పకుండా, నూనె రాసిన రెండు 7 అంగుళాల గుండ్రని పాత్రలలో సమానంగా పోసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. 175 డిగ్రీల వద్ద సుమారు అరగంట పడుతుంది. పుల్ల గుచ్చి తీస్తే తడి అంటకూడదు. ఓవెన్ లేనివారు గాస్కెట్, వెయిట్ తీసిన పెద్ద కుక్కర్‌లో అడుగున ఉప్పు పరచి, దానిపై స్టాండు ఉంచి, ఒక్కొక్క పాత్రనూ సన్నని సెగపై కాల్చుకోవచ్చు. అయితే సమయం కొంత ఎక్కువ పడుతుంది.

పొరల మధ్య పూతకు చాక్లెట్, మీగడ చాలు. మీగడను పొంగు రానీయకుండా వేడిచేసి, తరిగిన చాక్లెట్‌పై పోసి, రెండు నిమిషాలాగి కలిపితే నునుపైన ముద్ద తయారవుతుంది. ఇక్కడే గ్రేటర్ నోయిడా వాతావరణం తన ప్రతాపం చూపుతుంది. చాక్లెట్‌లోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. నోట్లో వేసుకోగానే కరిగిపోవడానికి కారణమిదే. మే, జూన్ నెలలలో వంటగది వేడి అంతకు మించడంతో పూత గట్టిపడదు. జనవరి చలిలో గరిటె తిరగనంత బిగుసుకుంటుంది. కనుక చలికాలంలో చాక్లెట్, మీగడ సమానంగా తీసుకొని, వేసవిలో ఒక వంతు మీగడకు ఒకటిన్నర వంతు చాక్లెట్ వాడాలి.

పూర్తిగా చల్లారిన కేకు పైభాగాన్ని చదునుగా కోసి, పలుచని పంచదార నీరు చిలకరించి, పూత పరచి, రెండవ పొరను బోర్లించాలి. మొదట పలుచగా ఒక పూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే పొడి రాలడం ఆగుతుంది. ఆపై వేసే అసలు పూతను చదును చేయడానికి మన అట్లకాడను మించిన సాధనం లేదు. పాలిథిన్ సంచి మూల కత్తిరించి అంచు చుట్టూ పూలు వేయవచ్చు. ముగ్గుకు చుక్కలు పెట్టిన చేతికి ఇది కష్టమైన పని కాదు. నేను పైన జీడిపప్పు పలుకులతో ఎనిమిది రేకుల పద్మం ముగ్గు పెట్టాను.

ఈ కోకో మన గోదావరికి చుట్టమే. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంట నేడు ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో అంతరపంటగా పండుతున్నది. దేశంలో కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. కాయలు చెట్టు మానుకే కాస్తాయి. గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టిన తరువాతనే వాటికి చాక్లెట్ వాసన పడుతుంది. ఈ సంగతి చెప్పినపుడు పొరుగువారు ఆశ్చర్యపోయారు. ఆంధ్రా అంటే వారికి తెలిసినది మిరపకాయ ఒక్కటే మరి!

పుట్టినరోజుకు ముందు దాదీజీ స్వయంగా మా వంటింట్లో పీట వేసుకుని కూర్చొని, పడే ప్రతి వస్తువునూ పరిశీలించారు. సాయంత్రం మా అమ్మాయి మొదటి ముక్క ఆమెకే అందించింది. ఆమె కొంచెం నోట్లో వేసుకొని, “ఇందులో ఏలకులు పడితే ఇంకా బాగుండేది బహూ” అన్నారు. మరునాడు ఉదయం తలుపు తట్టి, మథుర పేడాల డబ్బాతోపాటు ఏలకుల పొట్లం నా చేతిలో పెట్టారు. అది మొదలు ఆ రెండు ఇళ్ళ తలుపులు పగటి పూట మూసి ఉండేవి కావు.

బదిలీపై ఆ ఊరు వెళ్ళబోయే సోదరీమణులకు నా మనవి ఒక్కటే. సామానుతోపాటు కేకు పాత్రలు రెండు, అట్లకాడ ఒకటి మరువకండి. ఏలకులు అక్కడ ఎవరో ఒకరు ఇస్తారు.