లేనివాళ్ల సమాధులు

కార్డిఫ్, మంగళవారం

అక్కా,

క్షేమంగా చేరాను. వాన మాత్రం వదలట్లేదు. సాయంత్రం గొడుగేసుకుని మెర్మెయిడ్ కీ వైపు వెళ్లాను. సముద్రం ఒడ్డున హోటళ్లూ షాపులూ ఉండే చోటు. అక్కడో చెక్క గోడ నిండా ఫొటోలు, పూలు, ఉత్తరాలు. అన్నీ యాంటో జోన్స్ అనే కుర్రాడి కోసం. అసలు అలాంటి కుర్రాడు పుట్టనేలేదు! బీబీసీ 'టార్చ్‌వుడ్' సీరియల్లో సూటు నలగకుండా తిరుగుతూ అందరికీ కాఫీ కలిపిచ్చే పాత్ర. 2009లో కథలో చంపేశారు. సీరియల్లో టార్చ్‌వుడ్ బృందం రహస్య స్థావరానికి దారి ఈ గోడ దగ్గరే కాబట్టి, అభిమానులు పూలు ఇక్కడికే తెచ్చారు.

ఒక ఉత్తరానికి ప్లాస్టిక్ కవరు తొడిగారు. అయినా నీళ్లు దూరి సిరా అంతా కారిపోయింది, కింద సంతకం ఒక్కటే మిగిలింది. షాపుల యాజమాన్యం ఇదంతా ఊడ్చి పారెయ్యలేదు సరికదా, పిల్లల కోసం ప్రాణమిచ్చాడంటూ ఫలకం కూడా పెట్టించింది.

పెంబ్రోక్‌షైర్, శుక్రవారం

అక్కా,

మీవాడికి చెప్పు, డాబీ సమాధి చూశానని. ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే బీచ్. నిలబడనివ్వని గాలి, ఇసుక దిబ్బలు. 2010లో వచ్చిన హ్యారీ పోటర్ సినిమాలో డాబీ అనే పాత్రను పాతిపెట్టేది ఇక్కడే. దిబ్బల దగ్గర గులకరాళ్లు గుట్టగా పడున్నాయి, వాటి మీద రంగులతో పేర్లు, దండాలు, థాంక్సులు.

మేజోడు చేతికొస్తేనే కదా డాబీకి బానిసత్వం వదిలింది! అందుకని జనం మేజోళ్లు కూడా తెచ్చి పెట్టేవారు. ఈ తీరాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్‌కి అది తలనొప్పైంది. బట్టలు, పెచ్చులూడే రంగులు సముద్రంలో కలిస్తే ప్రాణులకు ముప్పు. ఆలోచించి 2022లో మధ్యేమార్గం పట్టారు: సమాధి ప్రస్తుతానికి ఉండనిస్తాం, మీరు మాత్రం ఏమీ వదిలి వెళ్లకండి అని. అందుకే మీవాడు ఇచ్చిన ఎర్ర మేజోడు ఇంకా నా సంచిలోనే ఉంది.

బెడ్‌గెలర్ట్, సోమవారం

అక్కా,

ఇది వేల్స్ ఉత్తరాన కొండల మధ్య ఊరు. గ్లాస్లిన్ ఏటి గట్టున నడుస్తూ పోతే పచ్చికలో చెట్టు కింద ఒక కుక్క సమాధి. పలక రాళ్ల మీద కథ చెక్కారు, వెల్ష్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. 13వ శతాబ్దపు రాజు లూయెలిన్ వేటనుంచి వచ్చేసరికి తన కుక్క గెలర్ట్ మూతినిండా నెత్తురు, ఉయ్యాల బోర్లాపడి ఉంది. బిడ్డను తినేసిందనుకుని కత్తి దూసి పొడిచేశాడు. తర్వాత బిడ్డ ఏడుపు వినిపించింది, పక్కన చచ్చిన తోడేలు కనిపించింది.

గుర్తొచ్చిందా? నాయనమ్మ చెప్పిన ముంగిస కథే! పంచతంత్రంలో పాము, నీళ్ల కుండ. ఇక్కడికొచ్చేసరికి తోడేలు, కత్తి. మన ముంగిసకు సమాధి లేదు, ఇక్కడ సమాధి ఉంది గానీ లోపల కుక్క లేదు. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ గోట్ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్, నాలుగు బేరాలు పెరుగుతాయని ఈ కథను ఊరికి తగిలించి రాళ్లు పాతించాడని అంటారు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, వచ్చేవాళ్లలో చాలామందికీ తెలుసు.

అయినా నా ముందున్న పెద్దాయన రాతి మీది చివరి వాక్యం దాకా చదివి, వంగి తన కుక్క చెవుల వెనక చాలాసేపు నిమిరాడు. అది ఎందుకో తెలియక తోకాడించింది.

ఆ హోటలాయన మీద నాకు కోపం రాలేదే. కుక్క అబద్ధం గానీ, తొందరపడి చెయ్యెత్తడం, ఆనక కుమిలిపోవడం అబద్ధం కాదుగా. అవి ఎవరింట్లో లేవు? ఎవరికి వాళ్లు లోపల దాచుకున్నదాన్ని బయటికి తీసుకునేందుకు ఒక చోటు కావాలి. అసలు మనిషి సమాధి దగ్గరైతే బంధువులుంటారు, మాటలొస్తాయి. లేనివాళ్ల దగ్గర ఆ మొహమాటం లేదు. కార్డిఫ్ గోడ దగ్గర ఉత్తరాలు రాసినవాళ్లదీ అదే పని అనిపిస్తోంది.

రేపు పొద్దున్నే బస్సు. మేజోడు సంగతి మీవాడికి నువ్వే ఎలాగో సర్దిచెప్పు. ముంగిస కథ కూడా చెప్పు గానీ, పడుకునే ముందు వద్దు.

నీ చెల్లి