గాజుపోగు రాడ్డుతో డెక్ స్లాబు

సముద్రం పక్కన వంతెనను తినేసేది ఉప్పు. క్లోరైడు కాంక్రీటులోకి మెల్లగా దిగి ఇనుప రాడ్డును చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కవరును పెచ్చులుగా ఊడగొడుతుంది. కోస్తాలో అలాంటి స్లాబులకు మరమ్మతులు చేస్తూనే నేను ఈ పని నేర్చుకున్నాను. అందుకే గాజుపోగు రాడ్డు, అదే జీఎఫ్ఆర్‌పీ, చేతికొచ్చాక దాన్ని వదల్లేదు.

గాజుపోగుల్ని రెజిన్‌లో తడిపి, అచ్చులోంచి లాగి గట్టిపరిచిన రాడ్డు ఇది. తుప్పు పట్టదు. బరువు ఇనుములో పావు వంతు. లాగుడు బలం ఇనుముకంటే ఎక్కువే. మాడ్యులస్ మాత్రం ఇనుముకు 200 గిగాపాస్కల్స్ ఉంటే దీనికి 50 చుట్టుపక్కలే. కాబట్టి డెక్ లెక్క ఎక్కువగా పగుళ్ల వెడల్పు దగ్గరే తేలుతుంది. రాడ్లు దగ్గరదగ్గరగా వేయాలి. ఇది ఇనుములా సాగి హెచ్చరించదు, ఒక్కసారే తెగుతుంది. అందుకని కాంక్రీటే ముందు నలిగేలా డిజైన్ చేస్తాం. కాలేజీలో నేర్చుకున్నదానికి ఇది తలకిందులు.

నాకు రాడ్డు పని నేర్పిన మేస్త్రి మొదటిసారి దీన్ని బెండింగ్ బల్ల మీద పెట్టి లాగాడు. వంగింది, వదలగానే నిటారుగా లేచింది. ఇంకా బలం పెడితే పోగులు చిట్లాయి. “ఇది మన మాట వినదు బాబూ, దీని మాట మనమే వినాలి” అన్నాడు. వంపులన్నీ ఫ్యాక్టరీలో, రెజిన్ గట్టిపడక ముందే వేయాలి. అప్పట్నుంచి ఆర్డరు పెట్టేముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని షెడ్యూలులో ఒక్కో హుక్కూ సరిచూసేవాణ్ణి. మా తొలి డెక్‌లో ఒక్క ముక్క కూడా పొరపాటు రాలేదంటే ఆ ఘనత ఆయనదే.

కోతకు కట్టర్ వాడొద్దు. ఒక కుర్రాడు అలవాటుకొద్దీ కట్టర్‌తో నొక్కితే రాడ్డు కొన చీపురులా విచ్చుకుంది. గ్రైండరుకు డైమండ్ బ్లేడు పెట్టు. మాస్కూ గ్లవ్స్ తప్పనిసరి, గాజుపొడి ఊపిరికి మంచిది కాదు. దగ్గర్లో వెల్డింగ్ రవ్వలు పడనివ్వకు, వేడికి రెజిన్ మెత్తబడుతుంది. రాడ్లను ఎండలో వదిలేయక టార్పాలిన్ కప్పు.

అసలు పరీక్ష కాంక్రీటు పోసేటప్పుడు. ఈ రాడ్డు కాంక్రీటుకంటే తేలిక. వైబ్రేటర్ పెట్టగానే రాడ్ల జాలీ పైకి తేలాలని చూస్తుంది. తేలితే కవరు లెక్క పోయినట్టే. ఆ కుర్రాడే ఉపాయం పట్టాడు: ముందు జాలీని మోసే చైర్లను సెంట్రింగుకు బిగించి, తర్వాత జాలీని చైర్లకు ప్లాస్టిక్ టైలతో కట్టాడు. ఆ స్లాబులో జాలీ కదల్లేదు. ఇప్పుడు మా ముఠా అంతా అలాగే కడుతుంది.

ఇది కొత్త మోజు కాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లేచోట, 1996లోనే మెకిన్లీవిల్ వంతెన డెక్‌లో ఈ రాడ్లు వేశారు. ఆ పని వెనుక వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హోతా గంగారావు కృషి ఉంది. మనకూ ఇప్పుడు ఈ రాడ్లకు ఐఆర్‌సీ 137, ఐఎస్ 18256 కోడ్లు ఉన్నాయి. రెండూ దగ్గర పెట్టుకో.

చివరిగా ఒక్కటి. మామూలు కవర్ మీటర్‌ పట్టుకునేది లోహాన్ని. ఈ రాడ్డు దానికి దొరకదు. కాంక్రీటు పోయకముందే ప్రతి గడికీ ఫొటో తీసి, కొలతలు రాసి ఫైల్లో పెట్టు. ఎప్పుడో ఆ డెక్‌కు డ్రిల్లు పెట్టేవాడికి నీ రాతే ఆధారం.