టన్నెల్ దాటాక ఎనిమిది మైళ్లు

కారు కొన్నది ఆగస్టులో. నీలం రంగు సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. 2.4 లీటర్ల టర్బో ఇంజిన్, 271 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. డెన్వర్‌లో ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడాది, చదువు అప్పు తీరిపోయాక, నాకోసం నేను కొనుక్కున్న మొదటి ఖరీదైన వస్తువు అది. ఇంటికి తెచ్చిన రాత్రే ఫోన్ నోట్స్‌లో లిస్టు రాసుకున్నా. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, ట్యూన్, లోయరింగ్ స్ప్రింగ్స్. వాటికోసం 1,500 డాలర్లు పక్కన పెట్టా. కొత్తగా ఫాస్ట్ కారు కొన్నవాళ్లెవరి ఫోన్ తీసి చూసినా దాదాపు ఇదే లిస్టు ఉంటుంది. టైర్లు అన్న మాట మాత్రం ఉండదు. అవి కారుతోపాటే వచ్చాయి కదా!

వచ్చినవి సమ్మర్ టైర్లు. 18 అంగుళాల చక్రాలకి 245 మిల్లీమీటర్ల వెడల్పు. "ఆల్ వీల్ డ్రైవ్ కదా, మంచుకి భయపడక్కర్లేదు" అన్నాడు షోరూమ్‌లో అమ్మినతను. నేను తలూపా.

సెప్టెంబర్‌లో అమ్మానాన్న వచ్చారు. నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. పాడేరు ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. ఆయన ముందు నా కారు గొప్పలు చెప్పుకోవాలని నాకెంత ఉబలాటమో! అంతా ఓపిగ్గా విని, చివర్లో "అది సరేగానీ, మంచు ఎప్పుడు చూపిస్తావు?" అనేవారు. లంబసింగి చలి ఆయనకి అలవాటే. తెల్లారుజామున గడ్డి మీద తెల్లగా పేరుకోవడమూ చూశారు. కొండకి కొండ తెల్లబడటం మాత్రం చూడలేదు.

అక్టోబర్ రెండో శనివారం బయల్దేరాం. మేముండే అరోరాలో మంచి ఎండ. నాన్న హాఫ్ స్వెటర్ వేసుకున్నారు, అమ్మ పులిహోర కట్టింది. డెన్వర్ ఎత్తు సముద్రమట్టానికి 5,280 అడుగులు, సరిగ్గా మైలు. అక్కణ్నుంచి ఐ-70 పట్టుకుని పడమరకి గంటకు పైగా వెళ్తే ఇంకో ఆరు వేల అడుగుల దాకా ఎక్కేస్తాం. ఫ్లాయిడ్ హిల్ దిగాక లోయ ఇరుకవుతుంది. ఐడహో స్ప్రింగ్స్ దగ్గర పాత బంగారు గనులు తవ్వి పోసిన మట్టి ఇంకా కొండవాలుల మీద పసుప్పచ్చగా కనిపిస్తుంది. జార్జ్‌టౌన్‌లో రోడ్డు పక్కనే చెరువు. చలికాలంలో గట్టిగా గడ్డకడితే దాని మీద కార్ల పందేలు పెడతారని చెప్తే అమ్మ నమ్మలేదు.

దారిలో ట్రాక్షన్ లా బోర్డు వచ్చింది. కొలరాడోలో ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా, సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు, బండి మంచుకి సిద్ధంగా ఉండాలి. టైర్ల ట్రెడ్ కనీసం అంగుళంలో పదహారో వంతుకి మూడింతలు, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. స్నో టైర్లు, లేదా పక్కన ఎం ప్లస్ ఎస్ అని రాసున్న టైర్లు, లేదా చెయిన్లు, లేదా ఆల్ వీల్ డ్రైవ్... లిస్టులో ఏదో ఒకటుండాలి. సరైన టైర్లు లేకపోతే 100 డాలర్లకు పైగా జరిమానా, దారికి అడ్డంగా ఇరుక్కుపోతే 650 పైనే. నా టైర్లు మూడు వేల మైళ్లు కూడా తిరగలేదు, ట్రెడ్ నిండుగా ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉండనే ఉంది. 'మనం పాస్' అనుకున్నా.

ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులకు పైన ఉంటుంది. మొదటి గొట్టం 1973లో తెరిచారు, రెండోది 1979లో. పొడవు మైలున్నర పైమాటే. పైనున్న కొండే ఖండాన్ని రెండుగా పంచేది. ఇటు పడిన నీళ్లు అట్లాంటిక్ వైపు, అటు పడినవి పసిఫిక్ వైపు. నీళ్లనే కాదు, వాతావరణాన్నీ పంచుతుందని నాకు ఆ రోజే తెలిసింది. తూర్పు ద్వారం దగ్గర తడి రోడ్డు, మబ్బుల్లోంచి కాస్త ఎండ. పడమటి ద్వారంలోంచి బయటికి రాగానే అంతా తెలుపు. రోడ్డు కూడా.

"అబ్బ!" అన్నారు నాన్న. మంచు చూసి.

అక్కణ్నుంచి సిల్వర్‌థోర్న్ ఊరిదాకా సుమారు ఎనిమిది మైళ్లు ఏకధాటిగా పల్లమే. బ్రేకులు పోయిన లారీలు ఎక్కించడానికి పక్కన రెండు చోట్ల ఎత్తుగా కంకర దారులు వేసి ఉంచారు. మొదటిదాన్ని నాన్న గుర్తుపట్టి మెచ్చుకుంటున్నారు. నేను 40 మైళ్ల వేగంలో ఉన్నా. పక్కవాళ్లంతా దాదాపు అంతే. ముందు ఎర్ర లైట్లు వెలిగాయి. బ్రేకు తొక్కా.

పెడల్ కాలికింద గడగడా కొట్టుకుంది. ఏబీఎస్ తన పని తాను చేస్తోంది, కారు మాత్రం ఆగట్లేదు. స్టీరింగ్ కుడికి తిప్పా. చక్రాలు తిరిగాయి, కారు తిన్నగానే పోతోంది. ముందున్న వ్యాన్ వెనకద్దం మీద పిల్లలు అంటించిన స్టిక్కర్ ఇప్పటికీ గుర్తుంది. పసుపు రంగు డైనోసార్.

"బ్రేకు వదిలీ!" నాన్న అరవలేదు, గట్టిగా అన్నారంతే. "వదిలీసి తిప్పు."

వదిలా. చక్రాలకి ఏదో కాస్త పట్టు దొరికింది, ముక్కు కుడికి తిరిగింది. రోడ్డంచున ప్లవ్ బండి తోసిన మంచు కుప్పలోకి పోయి ధబ్‌మని ఆగాం. వ్యాన్‌కీ మాకూ మధ్య నాన్న లెక్కలో "రెండు మూరలు". బంపర్ కింద ప్లాస్టిక్ విరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ పులిహోర డబ్బాని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

హజార్డ్ లైట్లు వేసుకుని రెండో గేర్‌లో, ఎద్దుబండిలా సిల్వర్‌థోర్న్ చేరాం. పెట్రోల్ బంకులో ఆపగానే నాన్న దిగి, ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని ట్రెడ్ మీద గోరుతో నొక్కారు. మళ్లీ నొక్కారు.

"ఏట్రా ఇది? రాయిలాగుంది."

నేనూ నొక్కి చూశా. నిజంగానే రాయి. ఆగస్టులో ఇదే టైరు చేతికి జిగురుగా తగిలేది. "బండి మంచిదేరా. చెప్పులే సరిపోనివి ఏసావు" అన్నారు నాన్న. రోడ్డు తేలేదాకా కదలొద్దన్నారు. ఆ రాత్రి అక్కడే మోటెల్‌లో ఉన్నాం. ఆయన పెద్దమ్మకి వీడియో కాల్ చేసి మంచు చూపించారు. బాగుందన్నారు. జారిన సంగతి చెప్పలేదు.

నేను పొద్దుపోయేదాకా టైర్ల గురించి చదువుతూ కూర్చున్నా. ఇంజినీరింగ్‌లో పాలిమర్స్ పాఠం పరీక్ష కోసం బట్టీపట్టినవాణ్ని, దాని అర్థం ఆ మోటెల్‌లో తలకెక్కింది. సమ్మర్ టైర్ రబ్బరు వేడికోసం చేసింది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లేకొద్దీ బిగుసుకుపోయి, రోడ్డు గరుకుని పట్టుకోలేదు. బాగా చలిలో ట్రెడ్ పగుళ్లివ్వొచ్చని టైరు కంపెనీలే హెచ్చరిస్తాయి. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. ట్రెడ్ దిమ్మల మీద సన్నని కోతలు వందల కొద్దీ ఉంటాయి. అవి విచ్చుకుని మంచుని కరిచి పట్టుకుంటాయి. మంచుకి మంచు బాగా అంటుకుంటుంది కాబట్టి ఆ ఇరుక్కున్న మంచే పట్టునిస్తుంది.

మరి ఆల్ వీల్ డ్రైవ్? అది కదలడానికి. ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకీ పంచి, మంచులో ఎక్కడా ఇరుక్కోకుండా 40 మైళ్ల వేగం అందుకునేలా చేస్తుంది. ఆగడానికి మాత్రం ప్రతి కారుకీ బ్రేకులు నాలుగు చక్రాలకే. ఆ విషయంలో నా 271 హార్స్‌పవర్‌కీ పక్కింటాయన పాత కరోలాకీ తేడా లేదు. నిజానికి ఆయన నాకంటే నయం. ఆయనవి ఆల్ సీజన్ టైర్లు.

మర్నాడు మధ్యాహ్నం రోడ్డు ఆరాక తిరిగొచ్చాం. ఆ వారమే లిస్టు తీసి కొట్టేయడం మొదలెట్టా. లోయరింగ్ స్ప్రింగ్స్ ముందు పోయాయి. మంచు కుప్పల్లో కారుని కిందికి దించుకోవడమేంటి, నా మొహం! తర్వాత ట్యూన్. రెడీమేడ్ ట్యూన్లు చాలావరకు 93 ఆక్టేన్‌కి, 91కి విడివిడిగా వస్తాయి. ఊరించే హార్స్‌పవర్ అంకెలు 93వి. కొలరాడో బంకుల్లో మామూలుగా దొరికేవి 85, 87, 91. పైగా వారంటీ తలనొప్పి. ఎగ్జాస్ట్ సంగతి అమ్మ తేల్చేసింది. "ఇప్పుడున్న మోత చాలదా?"

మొత్తం డబ్బు చక్రాలకే పోయింది. 17 అంగుళాల రిమ్ములు, 235 వెడల్పు వింటర్ టైర్లు, గాలి చూసే సెన్సర్లు. ఈ మోడల్ బేసిక్ వేరియంట్‌కి ఇదే సైజు వస్తుంది కాబట్టి బ్రేకులకి తగులుతుందన్న భయం లేదు. రిమ్ము చిన్నదైతే టైరు గోడ ఎత్తుగా ఉండి మంచు కింద దాక్కున్న గుంతల్ని తట్టుకుంటుంది. వెడల్పు తగ్గితే మంచు మీద తేలకుండా కోసుకుంటూ పోతుంది. ధర కూడా తక్కువ. విడి రిమ్ముల మీద ఉంటే ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే కూలీ మిగులుతుంది. కొనేటప్పుడు పక్కన మూడు శిఖరాల మధ్య మంచుపువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. ఒక్క ఎం ప్లస్ ఎస్ అక్షరాల్ని నమ్ముకోవద్దు, అవి ట్రెడ్ ఆకారం గురించి చెప్పేవే. ఆ పువ్వు గుర్తు కూడా మంచులో ముందుకి కదిలే పరీక్ష పాసైనందుకు ఇచ్చేదే, గడ్డకట్టిన రోడ్డు మీద ఆగడం గురించి కాదు. నాలుగూ ఒకేలాంటివి వేయాలి. ముఖ్యంగా ఆల్ వీల్ డ్రైవ్‌లో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది ఉంటే డిఫరెన్షియల్‌కి చేటు.

టైర్లు రాగానే నాన్న చేసిన మొదటి పని పక్కనున్న నాలుగంకెల తయారీ తేదీ చదవడం. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. "పాతయి అంటగట్టలేదులే" అన్నారు. ఆర్టీసీలో రీట్రెడ్ టైరుని ముందు చక్రానికి ఎందుకు వేయరో చెబుతూ, పార్కింగ్‌లో ఒక్కో నట్టూ విప్పించారు. తీసిన టైర్ల మీద ఏది ఎక్కడిదో సుద్దముక్కతో రాశారు. నేను టార్క్ రెంచ్ కొన్నానంటే నవ్వారు. వాళ్లు స్పానర్ మీద కాలేసి తొక్కి బిగించేవారట. ఎదురెదురు నట్లు, 120 న్యూటన్ మీటర్లకి రెంచ్ టక్‌మన్నాక ఇక ఆపాలని చూపించా. రెండోదానికల్లా "ఇటియ్యి" అని తీసుకున్నారు. వంద మైళ్ల లోపు మళ్లీ బిగింపు చూడాలన్నది మాత్రం ఆయనకి చెప్పక్కర్లేకపోయింది.

లిస్టులో చివరికి మిగిలిన మోడిఫికేషన్లు ఇవీ: మడ్ ఫ్లాప్స్, రబ్బరు మ్యాట్లు, సున్నా కింద కూడా గడ్డకట్టని వాషర్ ద్రవం. ఇక్కడ రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు, అందుకని మంచు పడ్డాక అడుగుభాగం కడిగించడం. ఫ్రెండ్స్‌కి ఫొటో పెట్టుకునేంత అందమైనది ఒక్కటీ లేదు.

డెన్వర్‌లో మొదటి మంచు పడిన ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లాం. 20 మైళ్ల వేగంలో ఒక గుర్తు దగ్గర బ్రేకు, నాన్న అంగలేసి కొలవడం. మెత్తటి మంచులో 18 అంగలు. నీడపట్టున గాజులా మెరుస్తున్న చోట 40 దాటాయి. వింటర్ టైర్లు వేసి కూడా. ఆ 40 చూశాక ముందు బండికీ నాకూ మధ్య దూరం దానంతటదే పెరిగింది.

డిసెంబర్‌లో మళ్లీ వెళ్లాం. అమ్మ రానంటుందేమో అనుకున్నా, మాట్లాడకుండా వెనక సీట్లో కూర్చుంది. ఈసారి టన్నెల్ ముందు హైవే దిగి లవ్‌ల్యాండ్ పాస్ మీదుగా పోదామా అని అడిగా. 11,990 అడుగులు. టన్నెల్‌లోకి రానివ్వని పెట్రోల్ ట్యాంకర్లు అట్నుంచే వెళ్తాయి. నాన్న ఒప్పుకోలేదు. "వచ్చిన దారినే పోదాం."

పడమటి ద్వారం. అదే తెలుపు. మూడో గేర్‌లో, 35కి తగ్గించి, బ్రేకు దాదాపు ముట్టకుండా దిగుతున్నా. ఘాట్‌లో ఎక్కిన గేర్‌లోనే దిగాలని చిన్నప్పుడు వంద సార్లు విన్నా. జారే రోడ్డు మీద గేరు తగ్గించినప్పుడు క్లచ్ మెల్లగా వదలాలన్నది ఆ రోజు కొత్తగా నేర్పారు. లేదంటే ఇంజినే చక్రాల్ని పట్టేసి జారుస్తుందట. కంకర దారి దాటాం. "ఇక్కడే" అంది అమ్మ. అంతకుమించి ఏమీ అనలేదు.

సిల్వర్‌థోర్న్‌లో మూసేసిన దుకాణాల వెనక ఖాళీ జాగాలో ఆపి ఫ్లాస్క్‌లో టీ తాగాం. నాన్న టైరు మీద గోరుతో నొక్కారు. గుర్తు పడింది. గ్లాసు నా చేతికిచ్చి, "తాళం ఇటియ్యి" అన్నారు. ఇన్సూరెన్స్ గుర్తొచ్చింది. ఇచ్చేశా.

ఎడమవైపు సీటు. కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. అలవాటుగా గేరు కోసం ఎడమ చెయ్యి చాపితే తలుపుకి తగిలింది. అమ్మ పెద్దగా నవ్వింది. ఆయన కుడిచేత్తో గేర్ రాడ్ వెతుక్కుని, ఒకటో గేరు వదిలేసి తిన్నగా రెండోది వేశారు. మంచులో రెండో గేర్‌లో కదిలితే చక్రం గిరగిరా తిరగదని నేనాయనకి చెప్పలేదు.