రన్నింగ్ బస్సు, రన్నింగ్ షూ

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు అవనిగడ్డ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. దివిసీమలోని ఈ ఊరికి టీచరుద్యోగాల ఊరని పేరు. డీఎస్సీ కబురు వినపడితే చాలు, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లలు పెట్టెలు సర్దుకుని వచ్చేస్తారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయంటే ఆ తాకిడి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను వెళ్లింది కాస్త తెరిపిగా ఉన్న రోజుల్లో, ఒక కోచింగ్ సెంటర్లో టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కి బ్యాచ్ నడుస్తుండగా. మొదటి పేపర్లో 150 మార్కులకు 30 ఇంగ్లిష్‌వే. తెలుగు మీడియం పిల్లలు భయపడేదీ వాటికే.

రేకుల షెడ్డు, వరసగా బల్లలు, గోడవారన టిఫిన్ క్యారేజీలు. మైకు పట్టుకున్న మాస్టారు బోర్డు మీద ముందు ఇంగ్లిష్ రాయలేదు, తెలుగు రాశారు. ‘చదవడం నాకిష్టం.’ ‘చదువుతున్న పిల్లని పిలవకు.’ ‘చదువుతూ నిద్రపోయింది.’

“మనకి మూడు తోకలున్నాయి. డం వస్తే నామవాచకం పని, తున్న వస్తే విశేషణం పని, తూ వస్తే క్రియావిశేషణం పని. తోక చూసి చెప్పెయ్యొచ్చు. ఇంగ్లిషోడికి మూడింటికీ ఒకటే తోక, రీడింగ్. మరి దేన్ని చూడాలి?”

“ప్లేస్ చూడాలి సార్” అంది హాలంతా ఒక్క గొంతుతో.

కోచింగ్ అంటే బట్టీ అని తేలిగ్గా అనేస్తాం. కానీ ఈ పోలిక మా డిగ్రీ క్లాసులో ఎవరైనా చెప్పి ఉంటే నాకు రెన్ అండ్ మార్టిన్ పుస్తకం అంత బరువనిపించేది కాదు.

తర్వాత ఆయన బస్సెక్కారు. “రన్నింగ్ బస్సు దిగొద్దంటాడు కండక్టరు. అక్కడ రన్నింగ్ ఏంటి? పరిగెత్తేది బస్సే, కాబట్టి విశేషణం పని, పార్టిసిపుల్. మరి రన్నింగ్ షూ? షూ పరిగెడుతుందా? వాకింగ్ స్టిక్ దానంతటది నడుస్తుందా? వెయిటింగ్ హాలు ఎవరి కోసమన్నా ఎదురుచూస్తుందా? అవి ఆ పని కోసం పెట్టుకున్నవి. అక్కడ ఇంగ్ మాట పనికి పేరు, జెరండ్!” పలకడంలోనూ తేడా ఉంది. రన్నింగ్ షూలో ఊనిక మొదటి మాట మీదే పడుతుంది, రన్నింగ్ బస్సులో బస్సూ గట్టిగానే వినిపిస్తుంది. మైకులో ఆయన పలికి చూపిస్తుంటే ముందు బల్లల వాళ్లు గొణుక్కుంటూ పలికి చూసుకున్నారు.

ఒకే తోక కావడం వెనక చరిత్ర ఉంది. పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండూ వేరు. పని పేరు చెప్పడానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’, పని చేస్తున్నదాన్ని చెప్పడానికి ‘ఎండె’. మధ్యయుగాల్లో రెండోది అరిగిపోయి మొదటిదాంట్లో కలిసిపోయింది. 1985లో క్వర్క్ బృందం రాసిన పెద్ద వ్యాకరణం ‘పెయింటింగ్’ అనే ఒక్కదాన్నే పట్టుకుని, అచ్చమైన నామవాచకం నుంచి అచ్చమైన క్రియ దాకా 14 మెట్లు చూపించింది. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తమ వ్యాకరణంలో అసలు జెరండ్, పార్టిసిపుల్ అని విడదీయడమే దండగని రెంటినీ ఒక గాటన కట్టేశారు. టెట్ పిల్లలకు ఆ సౌకర్యం లేదు. బిట్‌లో నాలుగు ఆప్షన్లుంటాయి, ఒకటి పెట్టాలి.

క్లాసులో మాస్టారు తర్వాత టు ఇన్ఫినిటివ్‌ని ఊళ్లోని టు-లెట్ బోర్డు చూపించి ఐదు నిమిషాల్లో తేల్చేశారు. అక్కడ ‘టు లెట్’ ఇంటికి విశేషణం, అంతే. అసలు సరదా క్రియ చివర ‘ఈడీ’ చేరే రూపాల దగ్గర మొదలైంది.

“వండిన అమ్మ, వండిన అన్నం. మధ్యలో మాట మారిందా? మారలేదు. అమ్మ వండింది, అన్నాన్ని వండారు. మన తెలుగులో అనుమానమే రాదు. ఇంగ్లిష్‌లో కుక్డ్ రైస్ అనండి, బాగుంటుంది. కుక్డ్ మదర్ అన్నారో, పోలీసులొస్తారు.”

షెడ్డు దద్దరిల్లింది. నవ్వులు సర్దుకోకముందే మూడో వరసలో ఒకమ్మాయి లేచింది. “మరి రిటైర్డ్ హెడ్‌మాస్టర్ అంటాం కద సార్? ఆయన్నెవరూ ఏమీ చెయ్యలేదుగా?”

మాస్టారు మైకు దించారు. “శభాష్ తల్లీ. రిటైర్ అవడం అకర్మకం, కర్మ లేదు. అందుకని ఆ ఈడీ చేసినవాడికే తగులుకుంటుంది. ఫాలెన్ లీవ్స్ కూడా అంతే, ఆకుల్ని ఎవరూ రాల్చక్కర్లేదు.” సకర్మక క్రియైతే చేయించుకున్నదానికి, అకర్మకమైతే అయినదానికి. మన బాలవ్యాకరణం పరిభాష ఇంగ్లిష్ క్లాసులో ఇంత చక్కగా ఒదగడం నాకు ముచ్చటేసింది.

ఐ యామ్ బోరింగ్ అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారట. “అంటే నువ్వు చేతిపంపువన్నమాట” అంటారాయన. కృష్ణా జిల్లా పల్లెల్లో బోరింగంటే అదేగా. విసుగు పుట్టించేది బోరింగ్, విసుగు పుట్టినవాడు బోర్డ్. వీటి ముందు ‘వెరీ’ చేరుతుంది, కాబట్టి పూర్తి విశేషణాలైపోయాయి. స్లీపింగ్ చైల్డ్ ముందు వెరీ పెట్టి చూడండి, ఒప్పుకోదు. విశేషణం పని చేస్తూనే అదింకా క్రియ వాసన వదల్లేదు.

చివరి బిట్ ‘మూవింగ్ ట్రాక్టర్స్ కెన్ బి డేంజరస్’. ట్రాక్టర్లను జరపడం ప్రమాదమా, కదిలే ట్రాక్టర్లు ప్రమాదమా? హాలు రెండుగా చీలింది. కెన్ బి తీసేసి ఈజ్ పెడితే జెరండ్, ఆర్ పెడితే పార్టిసిపుల్ అని తేల్చారాయన.

“కెన్ బి తోనే ఇస్తే ఏది పెట్టాలి సార్?”

“ఏదో ఒకటి పెట్టి రండి. ప్రైమరీ కీ వచ్చాక అబ్జెక్షన్ పెట్టుకుందాం” అని డస్టర్ అందుకున్నారు.