నాలుగింటికి టీ... ఓ వంకర స్కోన్!

ఇంగ్లీషు సినిమాలు చూసే అలవాటున్న వాళ్ళకి ఓ అనుమానం రాక మానదు – ఈ దొరలకి టీ తాగడం తప్ప వేరే పనే లేదా అని! 1964లో వచ్చిన ‘మేరీ పాపిన్స్’ గుర్తుందా? జూలీ ఆండ్రూస్ బృందం నవ్వి నవ్వి గాల్లోకి లేచిపోతుంది. లేస్తే లేచారు, అక్కడ కూడా టీ బల్లని వదల్లేదు మహానుభావులు! ఇంటికప్పు కింద తేలుతూనే టీ పార్టీ కానిచ్చేశారు.

ఇక 1993 నాటి ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’ సంగతి. బట్లరుగా ఆంథోనీ హాప్కిన్స్ నటన చూసి తీరాలి. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చి, ఒక్క అవార్డు కూడా రాని చిత్రం అది. నిర్మాతల్లో ఒకరైన ఇస్మాయిల్ మర్చంట్ మన బొంబాయిలో పుట్టినవాడే. ఆ సినిమాలో కొన్ని దృశ్యాలు డెవన్ జిల్లాలోని పౌడరమ్ కోటలో తీశారు. అది చూడాలన్న పిచ్చితోనే నేను లండన్‌లో రైలెక్కి ఎక్సెటర్‌లో దిగాను. అక్కణ్ణించి కొద్ది మైళ్ళే. కోట చూశాను, మెట్లెక్కాను, హాప్కిన్స్‌లా చేతులు కట్టుకుని నిలబడ్డాను కూడా. కానీ నేను చెప్పబోయేది ఆ కోట గురించి కాదు. ఆ రాత్రికి బస చేసిన ఓ చిన్న ఇంటి గురించి.

హై టీ కాదు బాబూ!

ఇంటావిడకి ఎనభై దాటాయి. ఒంటరి మనిషి. పైన ఉన్న ఒక గదిని యాత్రికులకి అద్దెకిస్తారు. మనసులో ఆవిణ్ణి మామ్మగారనే పిలుచుకున్నాను.

‘‘ఇక్కడ హై టీ ఎక్కడ దొరుకుతుందండీ?’’ అని అడిగాను గొప్పగా. మన పెద్ద హోటళ్ళ బోర్డుల మీద చూసిన మాటే కదా!

మామ్మగారు ఫక్కున నవ్వారు. హై టీ అంటే గొప్పవాళ్ళ టీ కాదట. ఫ్యాక్టరీల్లో, గనుల్లో పని చేసి ఇంటికొచ్చినవాళ్ళు సాయంత్రం మాంసం, రొట్టెలతో తినే భోజనమట అది! మనం సినిమాల్లో చూసేది ఆఫ్టర్‌నూన్ టీ. 1840 ప్రాంతాల్లో బెడ్‌ఫోర్డ్ డచెస్ అన్నా అనే ఆవిడకి మధ్యాహ్నానికీ రాత్రి భోజనానికీ మధ్య కడుపులో నీరసం వచ్చేదట. నాలుగింటికి టీ, కాస్త చిరుతిండి గదిలోకి తెప్పించుకోవడం మొదలెట్టిందట. తర్వాత స్నేహితురాళ్ళని పిలిచింది. అలా పుట్టింది ఈ సంబరం అని చెప్పుకుంటారు.

‘‘హోటలుకెళ్ళి డబ్బెందుకు తగలేస్తావు? చేతులు కడుక్కుని వంటింట్లోకి రా’’ అన్నారు మామ్మగారు.

మొదటి పాఠం: పిండిని హింసించకు

స్కోన్ అంటే రొట్టెకీ బిస్కట్టుకీ మధ్య పుట్టిన బిడ్డ. (పేరు స్కోనా, స్కానా అన్న విషయంలో ఇంగ్లీషువాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. మనకెందుకు గొడవ!) లెక్క రాసుకోండి: సెల్ఫ్ రైజింగ్ పిండి 225 గ్రాములు, చల్లటి వెన్న 55 గ్రాములు, పంచదార 25 గ్రాములు, చిటికెడు ఉప్పు, పాలు 150 మిల్లీలీటర్లు. సెల్ఫ్ రైజింగ్ పిండి అంటే బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మే మైదా అన్నమాట. దొరక్కపోతే మామూలు మైదాలో మూడు టీ స్పూన్ల బేకింగ్ పౌడర్ కలిపి జల్లించుకోండి.

వెన్నని పిండిలో వేళ్ళ కొసలతో నలిపితే రవ్వలా అవుతుంది. పంచదార కలిపి, పాలు పోసి, ముద్ద అయీ అవగానే ఆపెయ్యాలి. ఇక్కడే నా కొంప మునిగింది. అలవాటు ప్రకారం చపాతీ పిండిలా మర్దించడం మొదలెట్టాను.

‘‘అయ్యో, అది నీకేం అపకారం చేసింది?’’ అన్నారు మామ్మగారు.

ఎక్కువ పిసికితే స్కోన్ గట్టిపడిపోతుందట. ముద్దని అంగుళం మందాన చేత్తో తట్టి, గుండ్రటి అచ్చుతో కొయ్యాలి. నిటారుగా నొక్కి నిటారుగా తియ్యాలే గానీ తిప్పకూడదు. తిప్పితే అంచు నలిగి ఒక పక్కకే పొంగుతుంది. ఈ ముక్క ఆవిడ చెప్పేలోపే నేను ఒకటి తిప్పేశాను! 220 డిగ్రీల ఓవెన్‌లో పన్నెండు నిమిషాలయ్యాక చూస్తే అన్నీ బుద్ధిగా నిలబడ్డాయి, నాది మాత్రం పీసా గోపురంలా ఒరిగింది.

మీగడ కిందా, పైనా?

వేడి స్కోన్‌ని రెండుగా విప్పి జామ్, క్లాటెడ్ క్రీమ్ వేసుకోవాలి. క్లాటెడ్ క్రీమ్ అంటే మరేం లేదు, సన్నటి వేడి మీద గంటల తరబడి కాగి, చల్లారి, తరక కట్టిన మీగడ! కుండలో కాగిన పాల మీద మీగడ కోసం అమ్మమ్మ చుట్టూ తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయితే ముందు మీగడా, ముందు జామా? డెవన్ వాళ్ళు ముందు మీగడ రాసి, పైన జామ్ వేస్తారు. టామర్ నది దాటి కార్న్‌వాల్ వెళ్తే ముందు జామ్, పైన మీగడ. నవ్వులాట అనుకోకండి. 2018లో కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ అనే పాత భవంతి వాళ్ళు టీకి రమ్మంటూ వేసిన బొమ్మలో మీగడ కిందా జామ్ పైనా ఉండేసరికి పెద్ద రభసే అయింది!

కీరా దోసకాయ శాండ్‌విచ్‌కి కాయని పల్చగా తరిగి, ఉప్పు చల్లి, నీరు దిగాక గుడ్డతో అద్దాలి. రొట్టెకి అంచుల దాకా వెన్న రాయాలి, తడి లోపలికి దిగకుండా అదే గొడుగు. అంచులు కోసేసి వెంటనే తినెయ్యడమే.

టీకి ముందు కెటిల్ నీళ్ళతో పింగాణీ కూజాని వెచ్చబెట్టాలి. మనిషికో చెంచా ఆకు, కూజాకి మరో చెంచా. మరిగే నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు మూత పెట్టాలి. ముందు టీ, తర్వాత పాలు. 1946లో జార్జ్ ఆర్వెల్ మంచి టీకి ఏకంగా పదకొండు సూత్రాలు రాశాడు, అందులో ఇదీ ఒకటి. ఆయన పుట్టింది మన బీహార్‌లోని మోతిహారిలో. ఆ రోజు కూజాలో పడ్డ ఆకు కూడా మన అస్సాందే!

నాలుగు గుడ్ల కేకు

బల్ల మధ్య విక్టోరియా స్పాంజ్ కేకు. రాణిగారి పేరే పెట్టారు. దీని లెక్క చంటిపిల్లలకి కూడా వస్తుంది. నాలుగు గుడ్లు పెంకుతో సహా తూచండి. అంతే బరువు వెన్న, అంతే పంచదార, అంతే సెల్ఫ్ రైజింగ్ పిండి. వెన్నా పంచదారా తెల్లబడేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటీ కలిపి, పిండి మెల్లగా కలపాలి. రెండు పళ్ళేల్లో పోసి 180 డిగ్రీల్లో పాతిక నిమిషాలు కాల్చాలి. మధ్యలో జామ్, పైన పంచదార పొడి. అయిపోయింది.

‘‘నాలుగు గుడ్లేనా! తేలికే’’ అన్నాను.

మామ్మగారు కత్తి పక్కన పెట్టారు. ‘‘నా చిన్నప్పుడు నాలుగు గుడ్లంటే మా ఇంటిల్లిపాదికీ వారం రేషన్’’ అన్నారు.

1945లో యుద్ధం ముగిసినా రేషన్ ముగియలేదు. మనిషికి వారానికి దాదాపు ఒక గుడ్డు, రెండు ఔన్సుల టీ ఆకు, అంటే 57 గ్రాములు. టీ మీద రేషన్ 1952 అక్టోబరులో ఎత్తేశారు. అన్నీ పూర్తిగా తీసేసింది 1954 జూలైలో. అలాంటి రోజుల్లో వాళ్ళమ్మ వెన్నా పంచదారా వారాల తరబడి దాచి, కూతురి పుట్టినరోజుకి ఈ కేకు చేసిందట.

‘‘అందరికీ కోసి పెట్టింది. తను మాత్రం తినలేదు. ఆకలి లేదంది. నేను నమ్మేశాను! నాకు పిల్లలు పుట్టాక గానీ ఆ మాటకి అర్థం తెలియలేదు.’’

నేనేం మాట్లాడలేకపోయాను. ఆకలి లేదనే అమ్మలు మన వేపే ఉంటారనుకున్నాను ఇన్నాళ్ళూ.

గోడ గడియారం నాలుగు కొట్టింది. మామ్మగారు చక్కగా పొంగిన స్కోన్లు ఏరి నా పళ్ళెంలో పెట్టారు. నేను చెడగొట్టిన వంకరది మాత్రం తన పళ్ళెంలో వేసుకున్నారు.

‘‘అది నాదండీ, నేనే తింటాను’’ అన్నాను.

‘‘నువ్వు అతిథివి. వంకరది ఇంటివాళ్ళది’’ అంటూ దాని మీద మీగడ రాసేశారు.

మర్నాడు మళ్ళీ రైలెక్కాను. కోటలో తీసిన ఫొటోలు బోలెడున్నాయి గానీ, అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది ఆ వంటింటి సంగతే. ఈ ఆదివారం మీరూ ప్రయత్నించండి. స్నేహితుల్ని సరిగ్గా నాలుగింటికి రమ్మనండి. మొదటిసారి కాబట్టి ఒకటో రెండో ఒరిగిపోతాయి. ఫరవాలేదు, దిగులుపడకండి.

అవి ఎవరి పళ్ళెంలోకి వెళ్ళాలో మీకిప్పుడు తెలుసుగా!