ఏడు దాటాక ఒక్క రైలు

వాట్సాప్‌లో ఈ కథ మీకూ వచ్చే ఉంటుంది. జపాన్‌లో మంచు కప్పేసిన చిన్న స్టేషను, ఒక్క ఆడపిల్ల చదువు కోసం రైల్వే వాళ్ళు దాన్ని మూయకుండా ఉంచారని. 2016 జనవరిలో ప్రపంచమంతా తిరిగింది. మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికీ ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు, కింద దణ్ణం బొమ్మలతో.

అందులో నిజం కొంత, తాలింపు కొంత. హొక్కైడో దీవిలో సెకిహొకు లైను మీద, ఎంగరు అనే ఊరి పరిధిలో కామి షిరతాకి, క్యూ షిరతాకి, షిమో షిరతాకి అని మూడు చిన్న స్టేషన్లు ఉండేవి. ఫార్వర్డుల్లో కనిపించే పేరు కామి షిరతాకి. ఆ హైస్కూలు పిల్ల రైలెక్కింది మాత్రం క్యూ షిరతాకిలో. బడి వైపు వెళ్ళడానికి అక్కడ ఆగేది పొద్దున ఏడు దాటాక ఒకే ఒక్క రైలు. ఎక్కేవాళ్ళు లేరని మూడు స్టేషన్లనీ 2016 మార్చి 26న ఒకేసారి మూసేశారు. జపాన్‌లో బడి ఏడాది ముగిసేదీ, రైళ్ళ టైంటేబుల్ మారేదీ మార్చిలోనే. రెండూ కలిసొచ్చి కథ పుట్టింది.

ఇదంతా చెబితే మా అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. "అంటే ఆ అమ్మాయి కోసం ఆపలేదా అమ్మా?" అంది.

నాకు మాత్రం అసలు సంగతే ఎక్కువ పట్టుకుంది. ఒక్క రైలు. అది తప్పితే ఆ రోజు బడికి ఎలా? అక్కడ చలికాలం అంటే సున్నాకి చాలా కిందకి పోయే చలి. ఆ ఇంటి తల్లి ఎన్నింటికి లేచేదో, డబ్బా ఎప్పుడు కట్టేదో! ఆవిడ గురించి ఏ ఫార్వర్డూ ఒక్క ముక్క రాయలేదు. మనలాంటి వాళ్ళం వార్తల్లోకి రాం లెండి.

మా పెద్దమ్మ కూతురు పది ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ ఎండాకాలమే మా ఊరి బస్సు మానేశారు. కాలేజీ పదకొండు కిలోమీటర్లు. అన్నయ్యకి సైకిలు కొన్నారు, అక్కకి కుట్టుమిషను కొన్నారు. అక్క ఇప్పుడు జాకెట్లు బ్రహ్మాండంగా కుడుతుంది. కూతుర్ని హాస్టల్లో పెట్టి ఇంజనీరింగు చదివిస్తోంది, ఫీజు కట్టే నెలలో రాత్రి ఒంటిగంట దాకా మిషను తొక్కుతూనే ఉంటుంది.

ఆ మూడు స్టేషన్లు పోయాక కామికావా దాటిన రైలు షిరతాకి దాకా 37.3 కిలోమీటర్లు ఎక్కడా ఆగదు. ఈ మాట చెబితే మా అత్తయ్యగారు చిక్కుడుకాయలు వలుస్తూ, "ఆ పిల్లకి చెల్లెలుంటే ఏం చేసేవాళ్ళే?" అన్నారు.